లేబుల్‌కి ముందు గడియారం

రక్తపరీక్షల ల్యాబులకు సాఫ్ట్‌వేర్ రాసే ఆ ఆఫీసులో అందరూ ఆమెను వరుసక్క అనేవారు. మొదట వెటకారానికి పెట్టిన పేరే. తర్వాత అలవాటైంది, ఆ తర్వాత గౌరవమైంది, చివరికి ఆమే ఫోనెత్తి "వరుసక్కని మాట్లాడుతున్నా" అనేదాకా వచ్చింది.

ఆ పేరు ఊరికే రాలేదు. ల్యాబులో కంప్యూటర్ ఆన్ చేస్తే లోపల లేచేది ఒక ప్రోగ్రాం కాదు, నలభై ఆరు. సర్వీసులంటారు వాటిని. ఒకటి డేటాబేస్ సంగతి చూస్తుంది, ఒకటి రోగుల జాబితా పట్టుకుంటుంది, ఒకటి రక్తం తీసిన ట్యూబుల మీద అంటించే లేబుళ్ళు కొడుతుంది, ఒకటి రిపోర్టులు పంపుతుంది. ఇవన్నీ ఒక క్రమంలో లేవాలి. డేటాబేస్ లేవకముందే రోగుల జాబితా లేచిందంటే, తాళం వేసిన ఇంటి తలుపు కొట్టినట్టు కాసేపు కొట్టి కుప్పకూలుతుంది. దాన్ని నమ్ముకున్నవి మరో పది దాని వెంట కూలుతాయి. అప్పుడు ఆఫీసులో ఫోన్లు మోగుతాయి. ఎనిమిదేళ్ళ కిందట ఆ ఫోన్లకు అందరూ బెంబేలెత్తిపోతుంటే, ఆమె ఒక్కతే కూర్చుని ఒక జాబితా రాసింది. పది సెట్టింగులు, ఇరవై డేటాబేస్, ముప్ఫై లాగిన్, నలభై గడియారం, ఇలా మూడొందల యాభై దాకా. మధ్యలో కొత్తవి వస్తే ఇరికించడానికి తొమ్మిదేసి అంకెల ఖాళీ. ఆ వారం నుంచి ఫోన్లు ఆగిపోయాయి.

అప్పటినుంచి ఎవరు కొత్త సర్వీసు రాసినా ఆమె బల్ల దగ్గరికి రావాల్సిందే. "అక్కా, దీనికో నంబరివ్వవూ?" అని బతిమాలాల్సిందే. ఆమె వెంటనే ఇచ్చేది కాదు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, నాలుగు ప్రశ్నలడిగి, "మూడొందల ఇరవై అయిదు" అనేది. ఇరవై అయిదే ఎందుకు, ముప్ఫై ఎందుకు కాదు అని అడిగే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. ఆ రెండు నిమిషాలూ ఆమెకు ఎంత ఇష్టమో మనం దాచాల్సిన పనిలేదు. మనుషులు ఇంతకంటే చిన్నవాటికే మురిసిపోతారు.

అలాంటిచోటికి ఆమె చెల్లిని తెచ్చింది. ఎవరో తోస్తే తేలేదు, కోరి తెచ్చుకుంది. ఆరేళ్ళు చిన్నది. భోజనాల బల్ల మీద కంచాలు పక్కకు జరిపి ప్రోగ్రాం రాయడం నేర్పింది అక్కే. దాని చదువు వివరాల కాగితాన్ని మేనేజరు చేతిలో పెట్టి "మా చెల్లెలు సార్, బుద్ధిమంతురాలు" అని చెప్పింది కూడా అక్కే. ఆ పిల్లకు ఆర్నెల్ల ప్రొబేషన్ పెట్టి తీసుకున్నారు.

మూడో నెలలో చెల్లి తన కుర్చీని దొర్లించుకుంటూ అక్క బల్ల దగ్గరికొచ్చింది.

"అక్కా, ఈ జాబితా మనమెందుకు రాయాలి?"

"ఎవరో ఒకరు రాయాలిగా."

"అక్కర్లేదు. ఏ సర్వీసుకి ఏమేం కావాలో అదే పైన రాసి పెట్టుకుంటే చాలు. 'నేను రోగుల జాబితాని, నాకు డేటాబేస్ కావాలి' అని. వీటన్నిటినీ నడిపే ఫ్రేమ్‌వర్క్ ఒకటి పెడితే, అది అవన్నీ చదివి, ఎవరు ముందు లేవాలో తనే తేల్చుకుంటుంది. కావాల్సినవాటిని తనే చేతికందిస్తుంది. ఒకదానితో ఒకటి పనిలేనివాటిని ఒకేసారి లేపేస్తుంది. ఇప్పుడు మనవి ఒకదాని వెనక ఒకటి నిలబడి పదకొండు నిమిషాలు తీసుకుంటున్నాయి కదా?"

అక్కకు అర్థం కావడానికి ఒక్క నిమిషం కూడా పట్టలేదు. అదే వచ్చిన చిక్కు. అది పిచ్చి ఆలోచనైతే నవ్వి తీసిపారేసేది. కాదు, అది సరైన ఆలోచన. ఎనిమిదేళ్ళుగా ఆ జాబితా ముందు కూర్చున్న తనకు తట్టంది, మూడు నెలల కిందట వచ్చిన దీనికెలా తట్టింది? కడుపులో మంట భగ్గుమంది. పైకి మాత్రం "చూద్దాంలే" అని, టీ తాగడానికి లేచి వెళ్ళి, కప్పు నింపుకుని, తాగకుండానే సింకులో పారబోసింది.

చూడాల్సిన పని లేకుండానే చెల్లి నాలుగు వారాల్లో చేసి చూపించింది. మీటింగులో మేనేజరు చేతి గడియారం చూస్తూ కూర్చున్నాడు. పదకొండు నిమిషాలు పట్టేది ఒక నిమిషం నలభై సెకన్లలో అయిపోయింది. "ఇన్నాళ్ళూ మనం ఏం చేస్తున్నాం?" అన్నాడాయన. ఆయన ఎవర్నీ చూస్తూ అనలేదు. అక్కకు మాత్రం తల కొట్టేసినట్టయింది. దానికితోడు చెల్లి లేచి నిలబడి, "అక్క జాబితా లేకపోతే నేను ఒక్క అడుగు కూడా వెయ్యలేకపోయేదాన్ని సార్" అంది. అందరూ అక్కవైపు తిరిగి చప్పట్లు కొట్టారు. పెళ్ళిలో పెళ్ళికూతురి మేనత్తను కూడా ఒక ఫొటోకి నిలబెడతారే, ఆ చప్పట్లు అలాంటివి.

ఇంట్లో ఇంకా ఘోరం. అమ్మకు ఫ్రేమ్‌వర్కంటే ఏంటో తెలియదు కానీ ఎవరు గెలిచారో తెలుసు.

"చిన్నదానికి మొదట్నుంచీ చురుకెక్కువ" అంది అన్నం వడ్డిస్తూ. పెద్దకూతురి మొహం చూసి, "పెద్దదానికి ఓపికెక్కువ" అని కలిపింది.

ఓపికట! గుమ్మం దగ్గర విప్పిన చెప్పులకూ ఉంటుంది ఓపిక. అక్క ఆ పూట మజ్జిగ పోసుకోకుండానే లేచిపోయింది.

మర్నాడు మేనేజరు ఇద్దర్నీ గదిలోకి పిలిచి సంగతి తేల్చేశాడు. ఊళ్ళోని పెద్ద ల్యాబులో, రోగులు లేని రోజు చూసుకుని, కొత్త పద్ధతితో ఒక ట్రయల్ పెడతారు. అది నెగ్గితే వాళ్ళ సాఫ్ట్‌వేర్ నడిచే పది ల్యాబుల్లోనూ అదే. దానికో కొత్త టీం, టీంకి లీడ్ చెల్లి. నెగ్గకపోతే పాత జాబితాయే ఉంటుంది, చెల్లి ప్రొబేషన్ సంగతి అప్పుడు ఆలోచిస్తారు.

"మీరు చెల్లికి సాయంగా ఉండండి. ఇంట్లో ఎలాగూ ఒకటేగా మీరిద్దరూ" అన్నాడు అక్కతో, పెద్ద హాస్యమాడినట్టు నవ్వుతూ.

ఆ లీడ్ కుర్చీ కోసం అక్క రెండేళ్ళుగా ఎదురుచూస్తోంది. ఆ సంగతి ఆయనకూ తెలుసు, మర్చిపోయాడంతే. మనల్ని కాదనేవాళ్ళతో పోట్లాడొచ్చు కానీ మర్చిపోయేవాళ్ళని ఏం చేస్తాం?

ఆ వారమే ఇద్దరూ కూర్చుని నలభై ఆరు సర్వీసులనూ ఒక్కొక్కటిగా సరిచూడడం మొదలుపెట్టారు. చెల్లి చదివేది, అక్క ఊఁ కొట్టేది. మధ్యాహ్నానికి పదిహేడోదానికి వచ్చారు.

"లేబుళ్ళు. దీనికి సెట్టింగులు కావాలి, డేటాబేస్ కావాలి, ప్రింటర్ కావాలి. అంతేనా అక్కా?"

అంతే కాదు. అంతే కాదని ఈ భూమ్మీద ఒక్క మనిషికే తెలుసు. లేబుల్ మీద తేదీ పడాలి. ఆ తేదీని లేబుళ్ళ సర్వీసు గడియారం సర్వీసుని అడిగి తీసుకోదు. గడియారం లేస్తూనే ఆ రోజు తేదీని అందరికీ కనబడే ఒకచోట రాసి పెడుతుంది, లేబుళ్ళ సర్వీసు లేచేటప్పుడు చప్పుడు చెయ్యకుండా అక్కడ ఒక్కసారి చూసి, కనబడిందే గుర్తుపెట్టుకుంటుంది. అడగడం ఎక్కడా లేదు కాబట్టి కోడ్ ఎంత చదివినా పైకి తెలియదు. ఏడేళ్ళ కిందట ఇంటికెళ్ళే తొందరలో అలా రాసింది కూడా అక్కే. తప్పని తెలిసే రాసింది. జాబితాలో గడియారం నలభై, లేబుళ్ళు రెండొందల పది. నలభై ఎప్పుడూ ముందే లేస్తుంది కాబట్టి ఏడేళ్ళూ గొడవ రాలేదు. ఇప్పుడు జాబితా లేదు. గడియారం కావాలని లేబుళ్ళు చెప్పుకోకపోతే, ఫ్రేమ్‌వర్క్ రెంటినీ ఒకేసారి లేపేస్తుంది. గడియారం ఇంకా రాయకముందే లేబుళ్ళు చూసుకుంటే, ఏమీ లేనిచోట కంప్యూటర్ వేసుకునే ఎప్పటిదో పాత తేదీ పడుతుంది.

అక్క చెప్పబోయింది. నిజంగానే నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే మేనేజరు అటువైపు వెళుతూ ఆగి, చెల్లి కుర్చీ వెనక చెయ్యేసి, "ఎక్కడిదాకా వచ్చింది, లీడ్‌గారూ?" అన్నాడు. చెల్లి సిగ్గుపడుతూ నవ్వింది. ఆ నవ్వు చూసి అక్క ఒళ్ళు మండిపోయింది.

"అంతేనా అక్కా?" చెల్లి మళ్ళీ అడిగింది.

"అంతే" అంది అక్క.

పద్దెనిమిదోదానికి వెళ్ళిపోయారు.

ట్రయల్‌కి ఇంకా తొమ్మిది రోజులుంది. తొమ్మిది రోజుల్లో ఒక్క మాట చెప్పడానికి ఎన్ని అవకాశాలు! పొద్దున్న ఒకే బస్సులో వెళ్ళేవారు, సాయంత్రం ఒకే బస్సులో వచ్చేవారు, ఒకే బట్టలసబ్బుకి దెబ్బలాడుకునేవారు. అక్క చెప్పలేదు. తనకు తనే బోలెడు సర్దిచెప్పుకుంది. అంత చురుకైనదిగా, కనిపెట్టుకోనీ. ట్రయల్‌లో రోగులుండరు, ట్యూబుల్లో ఉండేది రంగునీళ్ళు, ఎవరి ప్రాణం మీదికీ రాదు. చెల్లి ఆఫీసు కంప్యూటర్ మీద రెండొందలసార్లు నడిపి చూసుకుంది, అన్నిసార్లూ బ్రహ్మాండంగా నడిచింది. అక్కడ గడియారం అర సెకన్లో లేచిపోతుంది. ల్యాబులో మాత్రం అది దూరాన ఉన్న మరో యంత్రాన్ని పలకరించి, సమయం సరిచూసుకుని, ఏడెనిమిది సెకన్లకు గానీ లేవదు. ఇదీ అక్కకు తెలుసు. రెండొందలోసారి కూడా నెగ్గిందని చెల్లి గంతులేస్తుంటే చూసి, "బాగుంది" అంది. ఆ తొమ్మిది రోజులూ ఆమెకు ఆకలి బాగా వేసింది. చెప్పుకోవడానికి సిగ్గుచేటే కానీ నిజం.

ట్రయల్ రోజు ల్యాబులో అయిదుగురు చేరారు. అక్క, చెల్లి, మేనేజరు, ఆఫీసు టెస్టరు, ఆ ల్యాబుని ఇరవై ఏళ్ళుగా నడుపుతున్న పెద్దావిడ. ఆవిడ ఎవర్నీ నమ్మే రకం కాదు. చేతులు కట్టుకుని, యంత్రానికి ఆనుకుని నిలబడింది. స్టాండులో పది ట్యూబులు, వాటినిండా ఎర్రరంగు నీళ్ళు.

చెల్లి ఆన్ చేసింది. తెర మీద సర్వీసుల పేర్లు ఒక్కొక్కటే పచ్చబడ్డాయి. నిమిషం ముప్ఫై ఎనిమిది సెకన్లు. పెద్దావిడ కూడా కట్టుకున్న చేతులు విప్పింది. "పదకొండు నిమిషాలు ఈ కుర్చీలో కూర్చుని గోళ్ళు గిల్లుకునేదాన్ని" అంది. మేనేజరు మొహం వెలిగిపోయింది.

టెస్టరు లేబుళ్ళు కొట్టి, ట్యూబులకు అంటించి, యంత్రంలో పెట్టాడు. మొదటి ట్యూబుకి ఎర్రలైటు. గడువు దాటింది, తీసుకోను అంది యంత్రం. రెండోదానికీ ఎర్రలైటే. పదింటికీ అదే.

పెద్దావిడ ఒక ట్యూబు తీసి, కళ్ళకు దూరంగా పట్టుకుని లేబుల్ చదివింది. "ఈ తేదీకి నాకింకా పెళ్ళి కూడా కాలేదమ్మాయ్. ఎవరిదీ రక్తం?"

టెస్టరు ఫక్కున నవ్వి, మేనేజరుని చూసి ఆపేసుకున్నాడు.

చెల్లి లాగ్ తెరిచింది. ఏ సర్వీసు ఎప్పుడేం చేసిందో ఆ లాగ్‌లో ఉంటుంది. పైనుంచి కిందికి చదివింది, కిందినుంచి పైకి చదివింది. ఎక్కడా తప్పు లేదు. అన్నీ లేచాయి, అన్నీ బాగున్నాయి. ప్రింటర్ తీగ తీసి పెట్టింది. మళ్ళీ లాగ్ చదివింది. చెవులు ఎర్రబడ్డాయి, అదే పేజీని మౌస్‌తో పైకీ కిందికీ దొర్లిస్తోంది. మేనేజరు గొంతు సవరించుకున్నాడు.

అక్కకు ఏమనిపించిందో ఉన్నదున్నట్టు చెప్పాలంటే, ముందు సంబరమే అనిపించింది. చన్నీళ్ళతో స్నానం చేసినంత హాయి. నాలుగు నిమిషాలు నిలబడి ఆ ఎర్రబడ్డ చెవుల్ని చూసింది. మొదటి నిమిషం ఉన్న హాయి రెండో నిమిషానికి లేదు. నాలుగో నిమిషంలో ఇక చూడలేక ముందుకొచ్చింది.

"జరుగు" అంది.

చెల్లి కుర్చీ ఖాళీ చేసింది. అక్క లేబుళ్ళ సర్వీసు తెరిచి, దానికి కావాల్సినవాటి పక్కన 'గడియారం' అని చేర్చింది. ఒక్క పదం. మళ్ళీ ఆన్ చేసింది. నిమిషం నలభై అయిదు సెకన్లు. లేబుళ్ళ మీద ఇవాళ్టి తేదీ. పది ట్యూబులకూ పచ్చలైటు.

"అనుభవం అనుభవమే!" అంది పెద్దావిడ. టెస్టరు ముక్కున వేలేసుకున్నాడు. మేనేజరు అక్క చెయ్యి పట్టుకుని ఊపేశాడు. అక్కను పక్కకు పిలిచి, "కొత్త పద్ధతికి ఇంకా పసితనం పోలేదు. మీ జాబితాయే ఉంచుదాం. లీడ్ సంగతి కూడా నేను తొందరపడ్డాను. సోమవారం మాట్లాడదాం" అన్నాడు. అక్క కోరుకున్నది కోరుకున్నట్టే జరిగింది.

వెనక నుంచి చెల్లి వచ్చింది. "తప్పు నాదే సార్. అక్కని ఇంకాస్త గుచ్చి గుచ్చి అడగాల్సింది" అంది.

అందరూ వెళ్ళాక అక్కాచెల్లెళ్ళు ల్యాబు వరండాలో, రోగులు కూర్చునే బెంచీ మీద బస్సు టైం కోసం కూర్చున్నారు. గోడకి ఆనించిన తూకం యంత్రం, పక్కన చేతులు కడుక్కునే నల్లా.

"నువ్వు లాగ్ చూడలేదక్కా" అంది చెల్లి.

"ఏంటి?"

"నువ్వు లాగ్ తెరవలేదు. ప్రింటర్ చూడలేదు. తేదీ ఎక్కణ్ణుంచి వస్తోందని అడగలేదు. వచ్చావు, జరగమన్నావు, టైప్ చేశావు."

అక్క కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఇన్నేళ్ళ అనుభవం" అంది.

"పదిహేడోది. ఆ రోజు రెండుసార్లు అడిగాను."

మర్చిపోయానంటే సరిపోయేది. ఏడేళ్ళ కిందటి ముక్క, ఎవరైనా నమ్ముతారు, చెల్లి కూడా నమ్మేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. చెల్లి ఏడవడం లేదు. ఏడిస్తే అక్కకు పని సులువయ్యేది, వీపు మీద చెయ్యేసి ఊరుకోబెట్టేది. చెల్లి ఊరికే చూస్తోంది.

"మర్చిపోలేదు" అంది అక్క. "ఆ రోజూ తెలుసు, మొన్నా తెలుసు, పొద్దున్న బస్సులో నీ పక్కన కూర్చున్నప్పుడూ తెలుసు."

"ఎందుకు?"

"కడుపుమంట. ఇంకేముంటుంది? నాకు ఎనిమిదేళ్ళు తట్టంది నీకు మూణ్ణెల్లలో తట్టింది. అది తప్పైనా బాగుండేది. తప్పు కాదు."

చెల్లి బెంచీ అంచు గోకుతూ కూర్చుంది. "చెప్పి ఉంటే, దీన్ని పట్టుకుంది అక్క అని ఇవాళ నేనే అందరిముందూ చెప్పేదాన్నిగా."

"నాకు పడంది అదే. నా పేరు నువ్వు నిలబెట్టడం."

"మరేం చెయ్యమంటావు? నీ పేరు చెప్పకపోతే పొగరంటావు, చెబితే పడదంటావు. నీ పక్కన నేనెలా ఉండాలో అదైనా చెప్పు." గొంతు మొదటిసారి పైకి లేచింది. నల్లా దగ్గర చేతులు కడుక్కుంటున్న ఆయా తిరిగి చూసింది.

అక్క బస్సు వచ్చే వైపు తల తిప్పుకుంది.

చెల్లి సంచిలోంచి లాప్‌టాప్ తీసి ఒళ్ళో పెట్టుకుంది. అక్కవైపు చూడకుండా మాట్లాడింది. "ఇలా దాగున్నవన్నీ చేర్చి, సోమవారంలోపు ఇంకొక్క ట్రయల్ పెట్టమని సార్‌ని అడుగుతాను. చెప్పు. ఇంకా ఉన్నాయా?"

లేవు అంటే చాలు. రెండో ట్రయల్‌లో మరోటి పడుతుంది, మూడోదాంట్లో ఇంకోటి. జాబితా జాబితాలాగే ఉంటుంది, కుర్చీ తనదవుతుంది, కొత్తవాళ్ళు బల్ల దగ్గర నిలబడి నంబరు కోసం బతిమాలుతూనే ఉంటారు. చెల్లి అడిగినదానికి అక్క అబద్ధం చెప్పినా, ఈసారి కనిపెట్టడానికి వీల్లేదు. బస్సు రావడానికి ఇంకా పావుగంట ఉంది.

"మూడు" అంది అక్క.

చెల్లి వేళ్ళు మీటల మీద ఆగాయి. తల ఎత్తకుండానే "ఊఁ" అంది.

అక్క మొదటిది చెప్పింది. రిపోర్టుల సర్వీసు డాక్టర్ల జాబితాని అడగదు, నిన్నటి రోజు మిగిలిపోయిన ఫైల్లోంచి చదువుకుంటుంది. చెల్లి రాసుకుంది. రెండోది మొదలుపెట్టింది. "మెసేజీల సర్వీసు ఉంది చూడు, అది లేచేటప్పుడు..."

"లాగిన్ సర్వీసు దాచిపెట్టిన తాళాన్ని, అదే పాస్‌వర్డుని, అడక్కుండా వాడుకుంటుందా?" అంది చెల్లి. "అయితే తాళం పాతబడిపోతే మెసేజీల్లో వెళ్ళే రిపోర్టులు కూడా ఆగిపోతాయి. అది ఒకటి కాదక్కా, రెండు."

రిపోర్టులు కూడా ఆగుతాయన్నది అక్కకు ఈ ఎనిమిదేళ్ళలో ఎప్పుడూ తట్టలేదు. మళ్ళీ అదే మంట, అదే చోట, అంతే వేడిగా గొంతుదాకా వచ్చింది. చెల్లి రాసుకోవడం అయ్యేదాకా పళ్ళు బిగించుకుని ఆగింది. ఆ తర్వాత మూడోది చెప్పింది.